కుళ్లాయి: శ్రీనాథుడి పద్యంలో, రాయల నెత్తిన, గూగూడు స్వామి పేరులో

మా హైస్కూల్లో నా తరగతిలోనే ఇద్దరు కుళ్లాయప్పలు ఉండేవాళ్లు. ఒకడు పెద్ద కుళ్లాయప్ప, ఇంకొకడు చిన్న కుళ్లాయప్ప. అనంతపురం జిల్లాలో అది వింతేమీ కాదు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక మాస్టారికి మాత్రం వింతగా తోచింది. మొదటిరోజు హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గర ఆగి, "ఇదేం పేరురా, నీళ్ల కుళాయిని చూసి పెట్టారా?" అని అడిగారు. క్లాసంతా నవ్వింది. చిన్న కుళ్లాయప్ప నవ్వలేదు. "మా స్వామి పేరు సార్" అని మాత్రం అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో వాడికీ తెలియదు, మాకూ తెలియదు.

ఆ ప్రశ్న ఇప్పటికీ ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. మొహర్రం నెలలో గూగూడు పీర్ల పండుగ ఫొటోలు ఫోన్లలోకి రాగానే "కుళ్లాయి అంటే ఏమిటి?" అని అడిగేవాళ్లుంటారు. తిరుమలలోని శ్రీకృష్ణదేవరాయల విగ్రహం బొమ్మ కనిపిస్తే, "రాయలవారికి కిరీటం ఉండాలి గదా, ఆ పొడవాటి టోపీ ఏమిటి?" అని ఇంకొకరు అడుగుతారు. తెలుగు పద్యాలు చదువుకున్నవాళ్లకు శ్రీనాథుడి చాటువు (సందర్భాన్ని బట్టి చెప్పిన విడి పద్యం) దగ్గర ఇదే మాట తగులుతుంది. మూడు చోట్లా ఉన్నది ఒకే కుళ్లాయి. దాని అర్థం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. అది ఎక్కడి నుంచి వచ్చింది, వచ్చాక ఇక్కడ ఏమైంది అన్నదే నింపాదిగా చూడాల్సిన విషయం.

కుళ్లాయి వేరు, కుళాయి వేరు

కుళ్లాయి అంటే టోపీ. బట్టతో కుట్టి నెత్తిన పెట్టుకునే మెత్తటి టోపీ. రాతలో కుల్లాయి, కుళ్లాయి, కుళ్ళాయి అని మూడు రకాలుగానూ కనిపిస్తుంది. మాటల్లో వాడుక దాదాపు పోయింది. ఇప్పుడు ఎవరూ "ఎండగా ఉంది, కుళ్లాయి పెట్టుకో" అనరు.

నీళ్లు వచ్చే కుళాయికి దీనితో ఏ చుట్టరికమూ లేదు. తమిళంలో గొట్టాన్ని కుళాయ్ అంటారు. అక్కడ పలికే ళ, మన ళ కాదు, నాలుక ఇంకా వెనక్కి మడిచి పలికే ప్రత్యేకమైన ధ్వని. అదే ధాతువు నుంచి తమిళంలో వేణువుకు కుళల్ అనే మాట ఉంది. పాత ద్రావిడ భాషలోని ఆ ధ్వని తెలుగులో చాలా మాటల్లో ర గా మారి ముందుకు జరిగింది. తమిళంలో కీళ్ అన్నది మనకు క్రింద అయినట్టే, గొట్టం అనే అర్థమున్న ఆ ధాతువు మనకు క్రోవి, గ్రోవి అయింది. అంటే కుళాయికి తోబుట్టువు పిల్లనగ్రోవి. నీళ్లు పారే గొట్టం ఒకటి, గాలి పారే గొట్టం ఒకటి. టోపీ ఆ ఇంటి మనిషి కాదు.

కుట్టినదానికి ఒక పేరు, చుట్టినదానికి ఒక పేరు

మన దగ్గర తలకు పెట్టుకునే వాటిలో ఎక్కువ భాగం చుట్టుకునేవే. తలగుడ్డ, పాగా, తలపాగా, రుమాలు అన్నీ పొడవాటి గుడ్డను ఎవరికి వారు చుట్టుకోవాల్సినవి. విప్పితే మళ్లీ మామూలు గుడ్డే. రైతు దాన్ని నెత్తి మీంచి తీసి ముఖం తుడుచుకుంటాడు, మూట కడతాడు, పరుచుకుని పడుకుంటాడు.

కుళ్లాయి అలా కాదు. కత్తిరించి, కుట్టి, ఒక ఆకారానికి తెచ్చిన వస్తువు. దాన్ని తలకు తగిలించుకోవడమే తప్ప చుట్టుకోవడం ఉండదు. కొత్త వస్తువుకు కొత్త పేరు అవసరమవుతుంది. వస్తువును తెచ్చినవాళ్ల మాటే తరచుగా దాంతో పాటు వచ్చేస్తుంది. చొక్కా, పైజామా, షర్టు, కోటు అన్నీ అలా వచ్చినవే. కుట్టి తొడుక్కునే బట్టల పేర్లలో పరభాషా పదాలు ఇన్ని ఉండటం యాదృచ్ఛికం కాదు. పంచె, కోక, పైట, కండువా లాంటి కుట్టని బట్టల పక్కన వీటిని పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

పారశీకంలో కులాహ్

పారశీక భాషలో టోపీని కులాహ్ అంటారు. ఇస్లాంకు ముందు ఇరాన్‌లో మాట్లాడిన మధ్య పారశీకంలో దాని రూపం కులాఫ్. అంటే ఈ మాట ఆ నేలలో చాలా పాతది, అరబ్బీ నుంచి వచ్చినది కాదు. కులాహ్ అంటే ఫలానా ఆకారపు టోపీ అని లేదు. ఫకీరు పెట్టుకునే ఉన్ని టోపీ కూడా కులాహే, రాజు పెట్టుకునే రత్నాల టోపీ కూడా కులాహే. పెషావర్, పంజాబ్ ప్రాంతాల్లో తలపాగా మధ్యలో నిలబడి కనిపించే మొనదేలిన టోపీని కుల్లా అని ఇప్పటికీ అంటారు. ముందు కుల్లా పెట్టుకుని, దాని చుట్టూ పాగా చుడతారు.

ఢిల్లీ నేల మీద ఈ మాట పొందిన గౌరవం ఎంతటిదో చెప్పే కథ ఒకటి ఉంది. జహంగీర్ చక్రవర్తి తన ఆత్మకథలో దాన్ని రాసుకున్నాడు. సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా ఒకరోజు టోపీ కాస్త పక్కకు ఒరిగి ఉండగా యమున ఒడ్డున కూర్చుని, హిందువులు చేసుకుంటున్న పూజలను చూస్తున్నాడు. శిష్యుడు అమీర్ ఖుస్రో వచ్చాడు. "ప్రతి జాతికీ తనదైన సరైన దారి ఉంది, తనదైన ధర్మం, తనదైన పూజాదిశ ఉన్నాయి" అని గురువు ఒక పాదం అన్నాడు. ఖుస్రో వెంటనే రెండో పాదం పూర్తి చేశాడు: "నా పూజాదిశను నేను వంకర టోపీవాడి వైపు సరిచేసుకున్నాను." ఆ వంకర టోపీకి పారశీకంలో ఉన్న మాట కజ్ కులాహ్. గూగూడు స్వామి పేరు దగ్గరికి వచ్చేసరికి ఈ కథ మళ్లీ గుర్తుకొస్తుంది.

కులాహ్ మన దగ్గర కుళ్లాయి ఎలా అయింది? ఇక్కడ రెండు మార్పులు జరిగాయి. ఒకటి, ల ఒత్తు పడి ల్ల అయింది. రెండు, చివరి హ్ పోయి, ఆ చోట యి వచ్చింది. మొదటి మార్పు తమిళంలోనూ ఉంది. వాళ్లు ఈ రోజుకీ టోపీని కుల్లా అంటారు, కుల్లాయ్ అని కూడా అంటారు. కన్నడంలో కుల్లాయితో పాటు కులావి అనే రూపం ఉంది, దాన్ని ముఖ్యంగా చిన్నపిల్లల టోపీకి వాడతారు. దక్షిణాది భాషలన్నీ ఒకే మాటను తమ తమ నోటికి తిప్పుకున్నాయన్నమాట.

రెండో మార్పు ఇంకా ఆసక్తికరం. అరబ్బీ నుంచి పారశీకంలోకి, అక్కడి నుంచి మన దేశంలోకి వచ్చిన ఇంకో మాట కబా. అంటే పొడవాటి అంగీ. అది తెలుగులో, కన్నడంలో కబాయి అయింది. కబా నుంచి కబాయి, కులాహ్ నుంచి కుళ్లాయి. రెండింటికీ చివర ఒకే యి. ఆ తర్వాత వచ్చిన పారశీక పదాలను చూడండి: దర్గాహ్ మనకు దర్గా అయింది, పాద్‌షాహ్ పాదుషా అయింది. వాటికి యి తగల్లేదు. దీన్ని బట్టి కుళ్లాయి, కబాయి జంటగా, ఒకే కాలంలో, ఒకే దారిన దక్షిణాదికి వచ్చి ఉంటాయని నాకు అనిపిస్తుంది. అవి రెండూ ఒకే వేషంలోని భాగాలు కూడా. టోపీ పైన, అంగీ కింద.

సంస్కృత "కులాయం" నుంచి రాలేదా?

ఈ ప్రశ్న అడగదగ్గదే. సంస్కృతంలో కులాయం అంటే పక్షిగూడు. వేదకాలం నాటి మాట. గూడు అల్లినది, గుండ్రంగా ఉంటుంది, బోర్లిస్తే టోపీలా ఉంటుంది. ధ్వని దాదాపు అచ్చంగా సరిపోతుంది. కులాయం నుంచి కుల్లాయి రావడం, కులాహ్ నుంచి రావడం కన్నా సులువుగా కూడా కనిపిస్తుంది.

కానీ మాట పుట్టుకను తేల్చడానికి ధ్వని పోలిక ఒక్కటే చాలదు. ఇంకో మూడు విషయాలు సరిపోవాలి. మొదటిది అర్థం: సంస్కృతంలో కులాయానికి తలకు పెట్టుకునేది అనే అర్థం లేదు, పారశీకంలో కులాహ్‌కు ఉన్నది ఆ అర్థం ఒక్కటే. రెండోది కాలం: ఈ మాట దక్షిణాదిలో కనిపించేది సుల్తానుల రాజ్యాలతో రాకపోకలు పెరిగిన తర్వాతే. సంస్కృత పదమే అయితే అంతకుముందు శతాబ్దాల కావ్యాల్లో, శాసనాల్లో టోపీ అర్థంతో ఎక్కడో ఒకచోట తగలాలి. మూడోది వస్తువు: ఈ మాటతో పాటు వచ్చిన టోపీ ఆకారం, దానికి జతగా వచ్చిన కబాయి, రెండూ పడమటి నుంచి వచ్చినవే.

ధ్వని పోలికను నమ్ముకుంటే ఎంత దూరం పోతామో ఇంకో టోపీ చెబుతుంది. తెల్లదొరలు ఎండలో పెట్టుకున్న గట్టి టోపీని ఇంగ్లీషులో సోలార్ టోపీ అని రాసేవారు. ఎండకు సంబంధించినది కాబట్టి సోలార్ అని జనం అనుకున్నారు. నిజానికి అది సోలా టోపీ. సోలా అనేది నీళ్లలో పెరిగే మొక్క, దాని తేలికైన బెండుతో ఆ టోపీ చేసేవారు. ఇంగ్లీషు చెవికి సోలా అన్నది సోలార్‌లా వినిపించింది, అర్థం కూడా కుదిరింది. కుదిరినంత మాత్రాన నిజం కాలేదు.

"కుల్లాయుంచితి": పద్యం ఏం చెబుతోంది?

తెలుగులో ఈ మాటకున్న అతి ప్రసిద్ధమైన చోటు శ్రీనాథుడి పేరు మీద ఉన్న చాటువు. కొండవీటి రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు విజయనగరానికి వెళ్లి, ప్రౌఢదేవరాయల దర్శనం కోసం పడిగాపులు పడ్డ సందర్భంలో చెప్పాడని ప్రసిద్ధి. మొదటి పాదం ఇది:

కుల్లాయుంచితి కోక సుట్టితి మహాకూర్పాసముం దొడ్గితిన్

టోపీ పెట్టుకున్నాను, కోక చుట్టుకున్నాను, పెద్ద అంగీ తొడుక్కున్నాను అని అర్థం. కోక అన్నది అప్పట్లో మగవాళ్ల బట్టకు కూడా చెల్లిన మాట. తర్వాతి పాదాల్లో వెల్లుల్లి తిన్నానని, నువ్వుల పిండి తిన్నానని, చల్లా అంబలీ తాగానని, రుచుల సంగతి వదిలేశానని చెప్పుకుంటాడు. చివరకు మొర:

తల్లీ! కన్నడరాజ్యలక్ష్మి! దయలేదా! నేను శ్రీనాథుడన్

ఈ పద్యంలో మన మాట గురించి గట్టి సాక్ష్యం ఒకటి దాగి ఉంది. అది ప్రాస. పద్యంలో నాలుగు పాదాల రెండో అక్షరం ఒకే హల్లుతో ఉండాలి. ఇక్కడ వరుసగా కుల్లా, వెల్లు, చల్లా, తల్లీ. అన్నిటా ల్ల. కులాహ్‌లోని ఒంటి ల పద్యం చెప్పిన రోజుకే ఒత్తు ల్ల అయిపోయిందని దీనివల్ల తెలుస్తుంది. ఒంటి ల ఉంటే ప్రాస కుదరదు. అది ల్లనా ళ్లనా అన్నది మాత్రం ఇంత ఖాయంగా చెప్పలేం. ప్రాసలో ల, ళ లను ఒకటిగా చూసే వెసులుబాటు కవులకు ఉంది. అయినా మిగతా మూడూ ల్ల కాబట్టి కుల్లాయి అన్న రూపం వైపే మొగ్గు.

ఇంకో చిన్న విషయం కూడా గమనించాలి. అంగీకి పారశీకం నుంచి వచ్చిన కబాయి అనే మాట ఉన్నా, కవి కూర్పాసం అనే సంస్కృత పదం వాడాడు. టోపీకి మాత్రం కుల్లాయి అనే అన్నాడు. అంగీకి సంస్కృతంలో పాత మాట ఉంది. ఈ టోపీకి సరిపోయే మాట సంస్కృతంలో దొరకలేదు, లేదా కవికి అక్కర్లేకపోయింది. ఎలా చూసినా అప్పటికే కుల్లాయి అంటే వినేవాళ్లకు వెంటనే అర్థమయ్యేదన్నమాట.

పద్యం భావం మీద మాత్రం పాఠకులు రెండు రకాలుగా చదువుతారు. కొందరి దృష్టిలో ఇది వేషం మీద ఫిర్యాదు. తనది కాని వేషం, తనది కాని తిండి, ఇంత అవమానం పడ్డా దయ రాలేదా అన్న బాధ. ఈ చదువుకు పద్యంలో ఆధారం ఉంది, ఎందుకంటే వేషమూ తిండీ ఒకే జాబితాలో వచ్చాయి. ఇంకొందరి దృష్టిలో టోపీ, అంగీ అక్కడి కొలువు మర్యాదలు. దర్శనానికి వెళ్లేవాడు ఎలా రావాలో అలా వచ్చాను, చేయాల్సినవన్నీ చేశాను, ఇంకా ఎందుకు ఆలస్యం అని కవి లెక్క చెబుతున్నాడు. కష్టం తిండిలో ఉంది గానీ వేషంలో లేదు.

నాకు రెండోది ఎక్కువ సరిగా తోస్తుంది. ఉంచితి, సుట్టితి, తొడ్గితి అనే క్రియల్లో రోత లేదు. తిండి దగ్గరికి వచ్చాకే గొంతు మారుతుంది. పైగా అదే రాజు కొలువును కళ్లారా చూసినవాడి మాట ఒకటి మనకు ఉంది. ఇప్పటి ఆఫ్ఘనిస్తాన్‌లోని హేరాత్ నుంచి, అక్కడి పాలకుడు షారూఖ్ పంపగా రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాక్ 1443లో ప్రౌఢదేవరాయలను చూశాడు. రాజు జైతూనీ శాటిన్ అనే నున్నటి పట్టుగుడ్డతో కుట్టిన అంగీ వేసుకుని, మెడలో ముత్యాల హారంతో ఉన్నాడని రాశాడు. సింహాసనం మీది రాజే కుట్టిన అంగీ వేసుకుంటే, కవి అంగీ తొడుక్కోవడం శిక్ష ఎలా అవుతుంది?

చాటువులు నోటి మీదుగా వచ్చినవన్న సంగతి కూడా మరవకూడదు. ఈ పద్యంలోని ప్రతి అక్షరమూ శ్రీనాథుడి నోటివేనని ప్రమాణం చేసి చెప్పలేం. కానీ విజయనగరానికి వెళ్లడమంటే కుల్లాయి పెట్టుకోవడం అని తెలుగువాళ్ల జ్ఞాపకంలో నిలిచిపోయిందనడానికి ఇది చాలు.

రాయల నెత్తిన కిరీటం ఎందుకు లేదు?

దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత, కృష్ణదేవరాయల కాలంలో పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ విజయనగరానికి వచ్చాడు. రాయలు తెల్లటి బట్టల్లో ఉన్నాడనీ, నెత్తిన స్పెయిన్‌లోని గలీసియా ప్రాంతపు శిరస్త్రాణం ఆకారంలో ఉన్న జరీ టోపీ ఉందనీ, దాని మీద పల్చటి పట్టుగుడ్డ కప్పి ఉందనీ, కాళ్లకు చెప్పులు లేవనీ రాశాడు. అచ్యుతరాయల కాలంలో ఉన్న గుర్రాల వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ ఇంకా ముందుకెళ్లి టోపీ పేరు కూడా రాశాడు. ఇక్కడి రాజులు పెట్టుకునే జరీ టోపీలను కులాయెస్ అంటారని ఆయన రాత. చివరి స్ పోర్చుగీసు బహువచనం. అది తీసేస్తే మిగిలేది మన కుళ్లాయే.

చూడాలనుకునేవాళ్లు లేపాక్షి వెళ్లొచ్చు. అచ్యుతరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం పైకప్పు మీది బొమ్మల్లో రాజోద్యోగులు, పెద్దమనుషులు వరుసగా నిలబడి ఉంటారు. నెత్తిన పొడవాటి కుళ్లాయిలు. ఆడవాళ్ల చీరల అంచులు చూడటానికి అక్కడికి వెళ్లేవాళ్లు ఎక్కువ. కాస్త తల తిప్పి మగవాళ్ల టోపీలు కూడా చూస్తే, పద్యంలోని మాటకు రంగూ ఆకారమూ దొరుకుతాయి.

ఇక్కడే అసలు తర్జనభర్జన మొదలవుతుంది. విజయనగరాన్ని సుల్తానుల దాడుల నుంచి హిందూ ధర్మాన్ని కాపాడిన కోటగా 20వ శతాబ్ది తొలి సగంలో చాలామంది చరిత్రకారులు చూశారు. బహమనీలతో, ఆ తర్వాత వచ్చిన సుల్తానులతో విజయనగరం చేసిన యుద్ధాలు, 1565లో రాజధాని పడిన తీరు ఆ అభిప్రాయానికి బలమిచ్చాయి. ఆ చూపుతో చూస్తే కుళ్లాయి ఇబ్బంది పెడుతుంది. శత్రువు టోపీ రాజు నెత్తి మీదికి ఎలా వచ్చింది?

చరిత్రకారుడు ఫిలిప్ వాగనర్ 1996లో రాసిన ఒక వ్యాసంలో దీనికి ఇంకో జవాబు ఇచ్చాడు. ఆయన వాదం తేలిక మాటల్లో ఇది. ఆ రోజుల్లో హేరాత్ నుంచి హంపి దాకా రాజులందరూ ఒకరి కొలువుకు ఒకరు రాయబారులను పంపుకునే ఒక పెద్ద రాజకీయ ప్రపంచం ఉంది. ఆ ప్రపంచంలో గౌరవంగా కనిపించడానికి ఒక వేషం ఉంది, కొన్ని బిరుదులు ఉన్నాయి. విజయనగర రాజులు మతం మార్చుకోలేదు, గుళ్లు మానలేదు. కానీ ఆ ప్రపంచంలో తామూ పెద్దవాళ్లమేనని చూపడానికి ఆ వేషమూ, ఆ బిరుదూ తీసుకున్నారు. ఈ రోజు మన నాయకులు వేరే దేశానికి వెళ్తే కోటూ సూటూ వేసుకోవడం దీనికి దగ్గరి పోలిక.

బిరుదు సంగతి చూస్తే ఈ వాదం బాగా అర్థమవుతుంది. విజయనగరాన్ని మొదట ఏలిన సంగమ వంశపు తొలి రాజులు తమను హిందూరాయ సురత్రాణ అని చెప్పుకున్నారు. సురత్రాణ అంటే సుల్తాన్. ధ్వనిని సంస్కృతంలోకి తిప్పితే సుర, త్రాణ అని విడిపోయి దేవతలను కాపాడేవాడు అనే అర్థం కూడా వచ్చింది. సుల్తాన్ అనే మాటకు సంస్కృత వేషం వేశారు. రాజుకు మాత్రం సుల్తాన్ల టోపీ పెట్టారు. మాటకు ఒక తోవ, మనిషికి ఇంకో తోవ.

అయితే ఈ వాదాన్ని కూడా జాగ్రత్తగా తీసుకోవాలి. టోపీ మారినంత మాత్రాన గొడవలు లేవని కాదు. అదే కాలంలో యుద్ధాలూ జరిగాయి, రెండు వైపులా గుళ్లూ మసీదులూ దెబ్బతిన్నాయి. వేషం పంచుకున్నవాళ్లు కత్తి కూడా దూసుకున్నారు. పైగా కొలువులో ఒక వేషం, గుడిలో ఒక వేషం అని తేలిగ్గా గీత గీద్దామన్నా కుదరదు. తిరుమల మహాద్వారం దాటగానే తిరుమలదేవి, చిన్నాదేవి మధ్య చేతులు జోడించి నిలబడిన కృష్ణదేవరాయల లోహ విగ్రహాన్ని గుర్తు తెచ్చుకోండి. ఒంటి మీద అంగీ లేదు. నగలు, పంచె, దేవుడి ముందు నిలిచే భక్తుడి తీరు. నెత్తిన మాత్రం కుళ్లాయి. కబాయి గుడి బయట ఆగిపోయింది, కుళ్లాయి లోపలికి వచ్చింది. ఆ పాటికి అది పరాయి టోపీగా ఎవరికీ అనిపించడం లేదని దీని అర్థం కావచ్చు. అది రాజుకు గుర్తు అయిపోయింది, తీసేస్తే రాజును రాజని పోల్చుకోలేరు. ఎవరి వాదమైనా ఆ విగ్రహాన్ని పట్టించుకోకుండా ముందుకు సాగదు.

టోపీ పెట్టుకున్న అయ్య

విజయనగరం పడిపోయింది. కొలువు పోయాక కుళ్లాయి పెట్టుకోవాల్సిన పనీ పోయింది. మాట మాత్రం అనంతపురం పల్లెల్లో ఉండిపోయింది. విజయనగరానికి తర్వాతి రాజధాని అయిన పెనుకొండ ఈ సీమలోదే. లేపాక్షీ దగ్గరే. కాబట్టి ఈ నేలకు కుళ్లాయి కొత్త మాట కాదు.

అనంతపురం జిల్లా నార్పల మండలంలోని గూగూడులో కుళ్లాయిస్వామి ఉన్నాడు. భక్తులు కుళ్లాయప్ప అంటారు. కుళ్లాయికి అప్ప కలిస్తే కుళ్లాయప్ప, అంటే టోపీ పెట్టుకున్న అయ్య. పీరు రూపంలో ఉండే ఈ స్వామికి మొహర్రంలో పెద్ద ఉత్సవం జరుగుతుంది. అగ్నిగుండం తవ్వుతారు, పీర్లను ఎత్తుకుని ఊరేగిస్తారు, మొక్కుకున్నవాళ్లు చక్కెర చదివింపులు ఇస్తారు. పక్కనే ఆంజనేయస్వామి గుడి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది హిందువులు. వాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. వింత బయటి నుంచి చూసేవాళ్లకే.

పేరులోని టోపీ ఏ టోపీ? ఇక్కడ రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి కొలువు దారి, ఇంతవరకు చెప్పుకున్నది. రెండోది దర్గా దారి. సూఫీ గురువులు శిష్యుణ్ణి చేర్చుకునేటప్పుడు అతని తలకు టోపీ పెట్టే ఆచారం ఉంది. చిష్తీ గురువులు ఇచ్చే నాలుగు పలకల టోపీకి కులాహ్ అనే పేరు. నిజాముద్దీన్ నెత్తి మీద ఒరిగిన కులాహ్ ఆ కోవలోది. పెనుకొండలో బాబయ్య దర్గా ఉంది, సీమ అంతటా చిన్నాపెద్దా దర్గాలున్నాయి. పీరు తల మీది టోపీని ఊరివాళ్లు చూసి, తమకు ముందే తెలిసిన కుళ్లాయి అనే మాటతో పిలిచి ఉండొచ్చు. అప్పుడు వస్తువు దర్గాది, పేరు కొలువుది. ఒక దారే నిజమని తేల్చాల్సిన అవసరం నాకు కనిపించదు. రెండూ ఒకే ఊళ్లో కలిసే వీలున్న దారులు.

మామూలు మాటగా చచ్చిపోయినది మనుషుల పేర్లలో బతకడం భాషల్లో తరచుగా జరిగే సంగతే. సీమలో ఈ రోజు కుళ్లాయి అనే వస్తువు లేదు. కుళ్లాయప్పలు, కుళ్లాయమ్మలు, కుళ్లాయిరెడ్డులు మాత్రం ఊరూరా ఉన్నారు.

దాన్ని వెనక్కి నెట్టిన మాట

కుళ్లాయి జాగాలోకి వచ్చినది టోపీ. హిందుస్తానీ నుంచి వచ్చిన మాట. పోర్చుగీసు టోపో నుంచి పుట్టిందని కొందరన్నారు గానీ, హిందీలో శిరస్త్రాణానికి టోప్ అనే మాట ఉంది కాబట్టి ఇక్కడిదే అన్న అభిప్రాయం బలంగా ఉంది. తెల్లవాళ్లు వచ్చాక టోపీ వాళ్లకే గుర్తు అయింది. మరాఠీలో వాళ్లను టోపీకర్లు అన్నారు.

టోపీ వేయడం, కుచ్చుటోపీ పెట్టడం అంటే మోసం చేయడం అని ఎందుకు అర్థం వచ్చింది అని చాలామంది అడుగుతారు. టోపీ పెట్టుకున్న తెల్లవాడు మనల్ని మోసం చేశాడు కాబట్టి అన్నది బాగా వినిపించే కథ. కుచ్చుటోపీ అంటే నిజాం కాలంలో హైదరాబాద్‌లో పెట్టుకున్న రూమీ టోపీ అని, దాన్ని బట్టే ఆ పలుకుబడి వచ్చిందని ఇంకో కథ. ఈ కథలను నమ్మే ముందు పక్క భాషలను చూడాలి. హిందీలో టోపీ పెహనానా అంటే మోసం చేయడం. మరాఠీలో టోపీ ఘాలణే, కన్నడంలో టోపి హాకు కూడా అంతే. తమిళంలో కుల్లా పోడు అంటే కాకా పట్టి పని చేయించుకోవడం. ఇన్ని భాషల్లో ఉన్న పలుకుబడిని ఒక్క హైదరాబాద్ టోపీతో వివరించలేం. ఒకరి నెత్తిన ఇంకొకరు ఏదో పెట్టడం, పెట్టించుకున్నవాడికి తన నెత్తి మీద ఏముందో కనపడకపోవడం అన్న బొమ్మలోనే ఆ అర్థం పుట్టి ఉంటుందని నేను అనుకుంటాను.

తమిళులు ఆ పలుకుబడిలో మన పాత మాటను ఇంకా వాడుతున్నారు. మనం మాట మార్చుకున్నాం. కుళ్లాయి వేయడం అని తెలుగులో ఎవరూ అనలేదు. అది స్వామి పేరు కావడం వల్లే అనలేదేమో.

చిన్న కుళ్లాయప్ప ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి స్కూలు సర్టిఫికెట్‌లో ఒత్తు పోయి కుళాయప్ప అని పడింది. ఇంకో కార్డులో కుల్లాయప్ప అని ఉంది. రెండూ సరిపోక ఒక దరఖాస్తు ఆగిపోతే, ఏది సరైనదని నాకు ఫోన్ చేశాడు. శ్రీనాథుడి ప్రాసకు సరిపోయేది రెండోదని, మొదటిది మాత్రం నీళ్ల కుళాయని చెప్పాను. పద్యం చదివి వినిపించాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మ గూగూడులో మొక్కుకున్నప్పుడు ళ అనే అన్నింటుంది రా" అన్నాడు. అఫిడవిట్‌లో ళ్ల తోనే రాయించుకున్నాడు.